వాతావరణాధికారి డాబా

"బొంతలు తడవవని కాగితం మీద రాసివ్వండి, ఇప్పుడే ఆరేస్తాను," అంది భార్య, ఆ ఉదయానికి మూడోసారి.

"రాసే కదా ఆఫీసుకి పట్టుకెళ్తున్నాను. ఊరందరికీ రాసింది నీకు వేరేగా రాయాలా?"

"ఊరందరూ మీతో కాపురం చెయ్యడం లేదుగా."

ఆయన కొండల మధ్య ఊళ్ళో వాతావరణ కార్యాలయంలో అధికారి. ఏడాదికి పది రోజులు కూడా వాన పడని చోట అదేం గొప్ప ఉద్యోగం కాదని అందరి అభిప్రాయం. అయితే శరదృతువు మొదట్లో వచ్చే పదిహేను రోజుల అంచనా కోసం మాత్రం అంతా ఎదురుచూస్తారు. డాబాల మీద పళ్ళ ముక్కలు ఎండబెట్టేదీ, ఇళ్ళకి స్లాబులు పోసేదీ అప్పుడే. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఆ అంచనా కింద ఆయన సొంత సంతకం పడడం ఇదే మొదలు. పై అధికారి సెలవు మీద వెళ్తూ, "ఇది నిజమైతే ఇకమీదట ఏటా నీ సంతకమే," అన్నాడు. ఆయన "వాన లేదు, ఎండ బాగా కాస్తుంది" అని రాసి, సంతకాన్ని చిత్తు కాగితం మీద నాలుగుసార్లు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే అసలుదాని మీద పెట్టాడు.

"ఒరే, సంతకం సంగతి సరే, డాబా మీద ట్యాంకు కారుతోంది. ప్లంబర్ని పంపించు," అంది లోపల్నించి తల్లి.

పదింటికల్లా డాబా మీద ఆరు బొంతలు ఆరుతున్నాయి. పదిన్నరకి ప్లంబర్ వచ్చాడు. "అమ్మా, ట్యాంకు ఖాళీ చెయ్యాలి. నీళ్ళు డాబా అంతా పారతాయి, ఇవి తీసెయ్యండి," అన్నాడు. అత్తా కోడలూ బొంతలు చుట్టచుట్టుకుని కిందికి పరిగెత్తారు. మెట్ల మీంచి దిగని నులకమంచాల మీద నీలం పట్టా కప్పి తాడుతో బిగించారు.

ఎదురు డాబా మీద పళ్ళ ముక్కలు తిరగేస్తున్న దర్జీ భార్య ఇదంతా చూసింది. ట్యాంకు చాటున ఉన్న ప్లంబర్ మాత్రం ఆమెకి కనిపించలేదు.

"బయటికేమో ఎండ అని రాస్తాడు, ఇంట్లోవాళ్ళకి అసలు సంగతి చెప్పుకుంటాడు," అంది మొగుడితో.

"ఎవరైనా అంతేలే," అంటూ దర్జీ సూది పక్కనపెట్టి, పళ్ళేలు దింపడానికి పైకెక్కాడు.

అరగంటలో ఆ వీధిలో ఏ డాబా మీదా పళ్ళ ముక్క మిగల్లేదు. బడికి స్లాబు పోస్తున్న మేస్త్రీ పని ఆపేశాడు. అది చూసి హెడ్మాస్టరు పిల్లల్ని ఇంటికి పంపేశాడు. కనుమ దాటాల్సిన బస్సు డ్రైవరు ఇంజను ఆపి, "వాతావరణం సారు బొంతలే లోపల పెట్టుకున్నారంట. నేను నలభై మందిని ఎక్కించుకుని కొండెక్కాలా?" అన్నాడు.

ఆఫీసులో ఫోను మోగింది.

"ఎన్నింటికి పడుద్ది సార్?" అన్నాడు దర్జీ.

"ఏంటి పడేది?"

"సరేలెండి, చెప్పకూడదేమో. అర్థమైంది."

నాలుగో ఫోను తర్వాత ఆయన ఇంటికి పరిగెత్తాడు. సంగతి తెలుసుకుని, పిట్టగోడ దగ్గర నిలబడి, "ట్యాంకు కారుతోందంతే, వాన లేదు," అని వీధికి చెప్పాడు. వీధి ఆయన్ని జాలిగా చూసింది. సాక్ష్యానికి ప్లంబర్ని పిలుద్దామంటే, అతను వీధిలో మాట విని, తన డాబా మీది మిరపకాయలు తీసుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇక లాభం లేదని ఆయనే ఆరు బొంతలూ మోసుకొచ్చి తడి డాబా మీద పరిచాడు.

"ఉద్యోగం కోసం సొంత బొంతలు తడుపుకుంటున్నాడు పాపం," అంది దర్జీ భార్య.

మూడింటికి ప్రాంతీయ కార్యాలయం నుంచి సందేశం వచ్చింది. వాతావరణం కారణంగా ఆ ఊళ్ళో బడి మూశారనీ, కనుమ మీద బస్సులు ఆగాయనీ తెలిసిందట. అందువల్ల భారీ వర్ష హెచ్చరిక. కింద మూడు సంతకాలున్నాయి. ఆయన కిటికీలోంచి చూశాడు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. వాతావరణ పటాలు చూశాడు, అవీ అదే చెప్పాయి. మళ్ళీ ఆ సంతకాలు చూశాడు. అటు మూడు, ఇటు ఒక్కటి. నాలుగింటికి "వాన పడును" అని కొత్త అంచనా రాసి, కింద సంతకం పెట్టి, ఇంటికి ఫోను చేశాడు.

"బొంతలు లోపల పెట్టెయ్యి."

"ఇందాకేగా మీ చేత్తో పరిచారు?"

"హెచ్చరిక వచ్చింది. పైవాళ్ళు ఇచ్చారు."

"వాళ్ళకెవరు చెప్పారటా?"

ఆయన అంతదాకా ఆలోచించలేదు.

ఆ రోజు పడలేదు, మర్నాడూ పడలేదు. మూడో రోజు పై అధికారి సెలవు ముగించుకొచ్చి, రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. "మొదటిది చక్కగా ఉంది కదయ్యా, రెండోది ఎందుకు రాశావు?" అన్నాడు. ఆయన దగ్గర జవాబు ఉంది గానీ అది ఫైల్లో పెట్టేలాంటిది కాదు. వచ్చే ఏడు సంతకం తనే చేస్తానన్నాడు పై అధికారి, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రం అందరి కంచాల్లో అన్నం పడింది. ఆయన తల్లినీ భార్యనీ పిల్లల్నీ ఒకసారి చూసి, "వచ్చే నెల డాబా లేని ఇంట్లోకి మారుతున్నాం," అన్నాడు నెమ్మదిగా.

తల్లి ఆ మాట ఇరుగుపొరుగు ఎవరికీ చెప్పలేదు, పాలు పోసే అతనికి తప్ప. మర్నాడు మధ్యాహ్నానికి వీధిలో ఇంకో మూడిళ్ళవాళ్ళు సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.