దిగుమతి దిండు

ఆదివారం పొద్దున్న అతను వేసుకున్న ప్రణాళిక సాదాసీదాది. ఎనిమిదింటికి కాఫీ, తొమ్మిదింటికి డ్రమ్ సెట్టు తుడవడం, పదింటికి మాస్టారి ముందు వాయించడం. పదకొండింటికల్లా జీవితం మారిపోవాలి.

లిఫ్టులు నిర్వహించే కంపెనీలో తొమ్మిదేళ్ళుగా అతని పని ఒక్కటే. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళ ఫోన్లు ఎత్తి "కంగారు పడకండి" అని చెప్పడం. ఆ ధైర్యాన్ని రోజుకి నలభైమందికి పంచిపెట్టగా తన వాటాకి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు సంగీత పాఠశాలలో డ్రమ్స్ నేర్పే మాస్టారు మణికట్టు నొప్పితో మానేస్తున్నారు. ఆ కుర్చీకి పోటీలో ఉన్నది ఇద్దరు: ఇతనూ, ఒక పళ్ళ డాక్టరూ. "మీ చేతుల సంగతి నాకు తెలుసు. సెట్లు చూస్తే చెవుల సంగతి తెలుస్తుంది" అని మాస్టారు ఇద్దరి ఇళ్ళకీ వస్తానన్నారు.

డాక్టరు సెట్టు నిన్ననే చూశారు. మాస్టారు కూడా ఉన్న డ్రమ్మర్ల ఫోన్ గ్రూపులో ఆ డాక్టరు రెండేళ్ళుగా ఒకటే ఊదర: చేత్తో సాగగొట్టిన కంచు సింబల్స్, మేపుల్ చెక్క డ్రమ్ములు, రెండు పెడళ్ళు, వీపు ఆనించుకునే స్టూలు. వినీ వినీ ఒళ్ళు మండి, ఒకరోజు ఇతనూ ఒక కోత కోశాడు. "నా బేస్ డ్రమ్ములో ఉన్నది విదేశీ సౌండ్ అబ్జార్బరు. పార్సిల్ రావడానికే నాలుగు నెలలు పట్టింది."

కాలితో పెడల్ తొక్కి మోగించే ఆ పెద్ద డ్రమ్ము లోపల మెత్తటిదేదో పెట్టకపోతే ఖాళీ పీపాలా మోగుతుంది. ఇతను పెట్టింది అత్తగారి దిండు.

ఆరు నెలల కిందట ఆవిడ ఇక్కడ మర్చిపోయి వెళ్ళారు. మెడనొప్పికని తన కొలతలకి తనే కుట్టుకున్న దిండు. మూలన ఎర్రదారంతో చిన్న పువ్వు. తిరిగి పంపేలోగా ఒక్కసారి డ్రమ్ములో పెట్టి చూద్దామనుకున్నాడు. ఆ శబ్దం విన్నాక ఇక తియ్యబుద్ధి కాలేదు. ఆ వారమే అత్తగారు ఫోన్ చేస్తే, ఏమీ తెలియని భార్య "ఇల్లంతా వెతికానమ్మా, ఇక్కడ లేదు" అని ఒట్టేసి చెప్పింది. అయితే దారిలో ఆగిన కొడుకింట్లోనే పోయిందని అత్తగారు తేల్చేశారు. కోడలే కాజేసిందన్నారు. అప్పట్నుంచి అత్తాకోడళ్ళకి మాటల్లేవు.

సరిగ్గా ఎనిమిదింబావుకి తలుపు గంట మోగింది. గుమ్మంలో అత్తగారు. మెడ తిప్పలేక మనిషి మొత్తంగా అతని వైపు తిరిగారు.

"మెడ డాక్టరుకి చూపించుకుందామని వచ్చాను అల్లుడుగారూ. ఆ దిండు పోయినప్పట్నుంచీ కంటిమీద కునుకు లేదు."

"కంగారు పడకండి అత్తయ్యగారూ" అన్నాడు అలవాటుకొద్దీ.

ఆవిడని హాల్లో కూర్చోబెట్టి, డ్రమ్ముల గదిలో దూరి తలుపేసుకున్నాడు. దిండు తీసేస్తే శబ్దం పోతుంది, శబ్దం పోతే కుర్చీ పోతుంది. తియ్యకపోతే, ఆ విదేశీ వస్తువేదీ చూపించమని మాస్టారు అడగక మానరు, అత్తగారు గుర్తుపట్టక మానరు. అంతలో బల్లమీద కంపెనీ ఇచ్చిన నల్ల టీషర్టు కనపడింది. దాని వీపుమీద తెల్లటి అక్షరాలతో "కంగారు పడకండి" అని ఉంటుంది. డ్రమ్ము ముందు చట్రానికున్న ఎనిమిది బోల్టులూ విప్పి, దిండు బయటికి లాగి, టీషర్టుని లోపలి వైపు పైకి తిప్పి దిండుకి తొడుగుతున్నాడు. అప్పుడే భార్య కాఫీ తెచ్చింది.

"ఏమండీ, అది మా అమ్మ దిండు కదూ!"

"మెల్లగా! వింటారు."

"నేను ఒట్టేసి చెప్పానండీ! ఆ ఒట్టు పట్టుకునే కదా అమ్మ మా వదినని దొంగని చేసింది!"

"పదకొండింటికి నేనే చెప్పేస్తాను. అప్పటిదాకా కాస్త…"

హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏదైనా దిండుంటే ఇలా పడెయ్యమ్మా, మెడ పట్టేసింది!"

భార్య సోఫా దిండు తేవడానికి పరిగెత్తింది. ఇంతలో మళ్ళీ గంట. పదింటికి రావాల్సిన మాస్టారు తొమ్మిదింటికే వచ్చారు. ఆ విదేశీ సరుకు చూడాలని వెంట పళ్ళ డాక్టరు కూడా! ఇతను టీషర్టు అంచు ముడేసి, దిండుని డ్రమ్ములోకి తోసి, చట్రం పెట్టి, బోల్టులు వేళ్ళతోనే తిప్పాడు. ఏడే పట్టాయి. ఎనిమిదోది జేబులో వేసుకున్నాడు.

డాక్టరు సెట్టు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. "స్టిక్స్‌కి నైలాన్ మొనలా? నేను చెక్క మొనలే వాడతాను. పెడల్ ఒక్కటేనా? స్టూలుకి వీపు లేదే!"

"వీపు నాకే ఉంది" అన్నాడు ఇతను. దానిమీద చెమట ధారగా కారుతోంది.

"ఆ అబ్జార్బరు తర్వాత చూద్దాం. ముందు వాయించవోయ్" అన్నారు మాస్టారు.

అత్తగారు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఇతను దేవుడిమీద భారం వేసి మొదలుపెట్టాడు. డ్రమ్ము గంభీరంగా, గుండ్రంగా మోగింది. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఇతనికి ఉత్సాహం వచ్చి కాస్త గట్టిగా తొక్కాడు. ఒక బోల్టు ఊడింది. తర్వాత మిగిలినవన్నీ. చట్రం ఠంగున కిందపడింది. లోపలున్నది దొర్లుకుంటూ వెళ్ళి అత్తగారి పాదాల దగ్గర ఆగింది.

డాక్టరు వంగి తీశాడు. తిరగేసిన టీషర్టులోంచి అక్షరాలు అస్పష్టంగా, అటుదిటుగా కనిపిస్తున్నాయి. "ఏ దేశం లిపి ఇది?" అంటూ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. ఇంతలో ముడి సడలి ఒక మూల బయటపడింది. ఎర్ర పువ్వు.

"ఇది ఇంట్లో కుట్టిన దిండులా ఉందే!" అన్నాడు డాక్టరు. అత్తగారి వైపు తిరిగి, "మీదా అండీ?" అని అడిగాడు.

ఇతను సిగ్గుతో చితికిపోయాడు. కుర్చీ పోతే పోయింది, ఆ ఇంటి కోడలి మీద పడ్డ నింద ఇంక మొయ్యలేననిపించింది. "మాస్టారూ, అది…" అంటూ లేచాడు. అప్పటికే భార్య కళ్ళనీళ్ళతో తల్లి చెవిలో చెబుతోంది. "వదిన తియ్యలేదమ్మా. ఇప్పుడే ఫోన్ చేసి, తప్పయిపోయిందని ఒక్క మాట చెప్పు."

అత్తగారు దిండు చేతిలోకి తీసుకున్నారు. పువ్వుని బొటనవేలితో ఒకసారి నిమిరారు. కూతురు చేతిలో ఉన్న ఫోను కేసి చూశారు. కోడలికి క్షమాపణ!

"నాదా? నాది ఇంతకంటే పొడుగు" అన్నారు ఖరాఖండీగా. "ఇదేదో విదేశీ సరుకు. ఇంత సన్నని కుట్టు మనవాళ్ళు వేస్తారా?"

"మరి ఈ పువ్వు?" అన్నాడు డాక్టరు.

"కంపెనీ గుర్తు అయ్యుంటుంది నాయనా."

ఇతను నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూర్చున్నాడు. మాస్టారు దిండు పుచ్చుకుని నొక్కి చూశారు. డ్రమ్ములో పెట్టి ఒకసారి, తీసి ఒకసారి పెడల్ తొక్కారు. డాక్టరు మేపుల్ చెక్క గురించి ఏదో ఎత్తుకోబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"నీ సెట్టులో సామానుందయ్యా. ఇతని సెట్టులో శబ్దముంది" అని, ఇతని భుజం తట్టారు. "కుర్చీ నీదేనోయ్. ఒక్కటే షరతు. పాఠశాలలో నాలుగు సెట్లున్నాయి, నాలుగింటికీ ఇవే కావాలి. ఈ పువ్వు గుర్తు చూసి మరీ తెప్పించు. నాలుగు నెలలంటే కుదరదు, నాలుగు రోజుల్లో రావాలి."

వాళ్ళు వెళ్ళిపోయాక అతను అత్తగారి ముందు నిలబడి, "నన్ను క్షమించండి" అన్నాడు. ఆవిడ వినిపించుకోనట్టే ఫోన్ అందుకుని, ఆరు నెలల తర్వాత కోడలికి ఫోన్ చేశారు. "ఏమ్మా, బాగున్నావా? నీ కుట్టుమిషను నాలుగు రోజులు ఇస్తావా? ఎర్రదారం కూడా తీసుకురా" అన్నారు, మధ్యలో ఏమీ జరగనట్టు.

గురువారానికల్లా నాలుగు విదేశీ దిండ్లూ తయారయ్యాయి. ఐదోది మాత్రం అత్తగారు కాస్త పొడుగ్గా కుట్టుకున్నారు.