భద్రాయమ్మ తలకు పొగ

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. వెళ్లినవాళ్లే నష్టపోతారు.

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే సూర్యుడు దారి తప్పి మర్నాటికి గాని అస్తమించేవాడు కాదు, భద్రాయమ్మ అనే ముసలి ఏనుగు ఉండేది. వేసవిలో నీటిమడుగుకు దారి ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆ ఏడు మంద బయల్దేరుతుండగా ఎండుకొమ్మ విరిగి ఆమె నెత్తిన పడింది. ఆమె కూలబడింది, బొప్పి కొండంత లేచింది. కొండమేకలు దానిమీద మేతకెక్కాయి.

"కాస్త గాలి ఆడనివ్వండి, అమ్మే లేస్తుంది" అంది కూతురు బంగారి.

అంతలో కాపలా శాఖ దిగింది. అధికారి ఉడుము దండయ్య, వెనక ముంగిసల దండు. వాళ్లకు తెలిసిన విద్య ఒక్కటే, ఆకు కాల్చి పొగ పెట్టడం. మామూలు రోజుల్లో చిటికెడు వేసేవారు. దోమలు పోయేవి, ప్రాణం తేలికపడేది.

"కొమ్మ దానంతటది పడుతుందా? వెనక శత్రువున్నాడు. పెట్టండి పొగ!" అన్నాడు దండయ్య.

"ఏ శత్రువూ లేడు మావా, చెదలు తిన్న కొమ్మ" అంది బంగారి.

"లేడని నువ్వు చూశావా?"

పొగ ఎంత చిక్కగా పట్టిందంటే కాకులు రెక్కలు ముడిచి దానిమీద నడిచిపోయాయి. సాయంత్రానికి భద్రాయమ్మ మడుగు పేరు మరిచింది.

"చూశారా! శత్రువు జ్ఞాపకాలు దోచుకుంటున్నాడు. ఇంకో గంపెడు ఆకు!"

మర్నాడు దారి మరిచింది. దండయ్య రెండు గంపలు వేయించాడు. ఆ తర్వాత బంగారినే చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. దండయ్య ఉత్సాహం పట్టలేక బండ్లకు బండ్లు తెప్పించాడు. అవతల గున్నలు దాహంతో బురద నాకుతున్నాయి.

ఏడ్చి లాభం లేదని బంగారి వినయంగా తొండం వంచింది. "మీ మాటే నిజం దొరా. శత్రువెవరో అమ్మనే అడగండి. దెబ్బ తిన్నది తనే కదా."

దండయ్య లేని మీసం దువ్వుకుని ముందుకొచ్చాడు. "భయపడకు తల్లీ, చెప్పు. ఎవడు?"

భద్రాయమ్మ తొండం చాచి అతని ముక్కుమీద ఆనించింది. "ఈయనే. కళ్లు తెరిచినప్పుడల్లా ఈయనే కనబడుతున్నాడు. ఈయనొచ్చాకే ఒక్కొక్కటీ పోయింది."

ముంగిసలు మొహమొహాలు చూసుకున్నాయి. గంపలన్నీ దండయ్య వైపు తిరిగాయి.

"ఒరేయ్, నేనురా, మీ అధికారిని!"

"అవునో కాదో పొగ తగ్గాక విచారిస్తాం దొరా."

ఆ సందడిలో బంగారి తల్లిని గాలి వీచే వైపు నడిపించింది. గాలి తగిలిన కొద్దీ ఆ తొండం తడుముకుంటూ తడుముకుంటూ మడుగున్న పడమటికి తిరిగింది. మంద నీళ్లు తాగింది. కూతురి పేరు మాత్రం భద్రాయమ్మకు మళ్లీ గుర్తు రాలేదు.

కాపలా గట్టిదైతే శత్రువు రానక్కర్లేదు.

సాక్ష్యం కావాలా? ఆ మంద వెంటే నీళ్లకు పోయిన మనిషి, అదే, జంతువు, ఇంకా బతికే ఉంది. దగ్గు తెరిపిచ్చినప్పుడు వెళ్లి అడగండి, దుప్పి పాపాయమ్మని.