సైరన్ మోగేదాకా

విపత్తు అన్నది ప్రకృతి తలచుకుంటే రాదు, కమిటీ ఒప్పుకుంటే వస్తుంది. రాయచూరు జిల్లాలో ఈ సత్యాన్ని స్థాపించిన మహానుభావుడు సామాజికశాస్త్రం చెప్పే రీడరు వాదిరాజ్ గారు.

విపత్తుల మీద ఆయనది పాతికేళ్ల పరిశోధన. పాపం, ఒక్కటీ కంటపడలేదు. కృష్ణకు వరదొచ్చినప్పుడల్లా ఆయన బెంగళూరులో వరదల సదస్సులో ఉండేవారు. (కరువొచ్చిన ఏడు ఊళ్లోనే ఉన్నారు, కానీ కరువు వేరే శాఖవారిది.) ఒక విపత్తు తక్కువై ప్రొఫెసర్ పదవి ఆగిపోయింది.

అంతలో కరెంటు కేంద్రం వచ్చింది. దాని వెనకే, కాల్చిన బొగ్గు బూడిదను నీళ్లలో కలిపి నిలవేసే బూడిద చెరువు వచ్చింది. చెరువు కట్ట కింద ఒక పల్లె, ఆ పల్లెలో అందరికంటే దిగువన మేకలు పెంచుకునే ఉలిగెమ్మ ఇల్లు ఎప్పటినుంచో ఉండనే ఉన్నాయి. వాదిరాజ్ గారికి ప్రాణం లేచొచ్చింది. ఒక కమిటీ వేయించి, ఆ పల్లెకు సైరన్ పెట్టించి, అది మోగగానే జనమంతా బడి దగ్గరికి చేరే డ్రిల్లు మొదలుపెట్టారు. చేరినవారికి బొరుగుల ఉగ్గాని, మిర్చి బజ్జీలు.

మొదటి డ్రిల్లుకు జనం సైరన్ కంటే చాలా ముందే వచ్చి బడి దగ్గర కూర్చున్నారు. సన్నద్ధత మరీ ఎక్కువైందని కమిటీ కలవరపడి ఒక నిబంధన చేసింది. సైరన్ మోగేదాకా ఎవరింట్లో వాళ్లుండాలి, ముందే గడప దాటితే బజ్జీ లేదు. ఏడాది తిరిగేసరికి పల్లె దారికొచ్చింది.

ఒక మధ్యాహ్నం కట్ట నిజంగానే తెగింది. ఉలిగెమ్మ వాదిరాజ్ గారికి ఫోను చేసింది.

"సార్, బూడిద నీళ్లు ఇంట్లకొస్తున్నయి. మ్యాకలను మంచమెక్కించిన. పోవాల్నా, ఉండాల్నా?"

"సైరన్ మోగిందా?"

"కరెంటు లేదు గద సార్."

(రాష్ట్రమంతటికీ కరెంటు పంపే చోట మధ్యాహ్నం కోత ఉంటుంది. అందరికీ వడ్డించినవాళ్లకు మిగలకపోవడం మామూలే.)

"మోగకముందే వస్తే ఏడాది అధ్యయనం పాడైతదమ్మా. జర తాళు."

"గోడ ఒరుగుతున్నది సార్."

"ఎంత ఒరిగింది?" అంటూ ఆయన కలం తీశారు.

ఉలిగెమ్మ తాళింది. గోడ తాళలేదు. చిన్న మేకను చంకనెత్తుకుని ఆమె కిటికీలోంచి బయటపడింది. (గడప దాటలేదు గనుక ఇది ఉల్లంఘన కాదని కమిటీ తర్వాత ఉదారంగా తేల్చింది.) పెద్ద మేక ఇంటితోపాటే పోయింది. సాయంత్రం కరెంటొచ్చి సైరన్ మోగింది. అంతదాకా ఎగువ ఇళ్లలో కాచుకున్న జనం మోకాలిలోతు బూడిదలో వరుస తప్పకుండా బడికి నడిచారు.

క్రమశిక్షణ నూటికి నూరని వాదిరాజ్ గారు వ్యాసం రాశారు, ప్రొఫెసర్ అయ్యారు. వ్యాసం బాగుందని చదివినవాళ్లన్నారు.

ఉలిగెమ్మ ఇంటి సంగతీ కమిటీ విచారించింది. సైరన్ సాయంత్రం మోగింది కాబట్టి విపత్తు సాయంత్రం జరిగింది. ఇల్లు మధ్యాహ్నమే పడింది. విపత్తుకు ముందే పడిన ఇల్లు సొంత కారణాలతో పడినట్టే లెక్క.

ఈ గురువారం మళ్లీ డ్రిల్లు. మేకతో బడి వరండాలో ఉంటున్న ఉలిగెమ్మ, "నేను గూడ ఉరకాల్నా సార్?" అని అడిగింది.

"ఇంట్లనుంచి బయల్దేరాలె గదమ్మా," అన్నారు ప్రొఫెసర్ గారు నిబంధన గుర్తుచేస్తూ. "సైరన్ ఇండ్లున్నోళ్లకే."