కోకిలకు సొంతగూడు

"ఈ రోజు నుంచి ఏ కోకిలా పరాయి గూట్లో గుడ్డు పెట్టదు. ప్రతి కోకిలకూ సొంతగూడు" అని పక్షుల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు మోగాయి. అంతటి ఆత్మాభిమానం కోకిలకు కూడా ఉండి ఉండదు. శాఖ ఫొటోగ్రాఫర్ని కాబట్టి, చెమర్చిన కళ్లతోనే ఫొటో తీశాను.

డైరెక్టరుగారు మెల్లగా లేచారు. జుట్టు నెరిసేదాకా పక్షుల్నే చదువుకున్న మనిషి.

"సర్, కోకిల గూడు కట్టదండి. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. పాపం, కాకే పొదిగి మేపుతుంది."

"ఎందుకు కట్టదు?"

"దాని స్వభావమండి."

"స్వభావం కాదయ్యా. గత ప్రభుత్వం నిర్లక్ష్యం."

మళ్లీ చప్పట్లు.

గూళ్ల కాంట్రాక్టు మంత్రిగారి బావమరిదికి దక్కింది. టెండరు సంగతి తెలిసింది ఆయనొక్కరికే కనుక పోటీలో సునాయాసంగా నెగ్గారు. సిమెంటు గూళ్లు చేయించారు. అవి ఎంత గట్టివంటే, చెట్లెక్కించగానే కొమ్మలు విరిగాయి గానీ గూళ్లు చెక్కుచెదరలేదు.

కోకిలలు రాలేదు. సమీక్షలో బావమరిదిగారే కారణం కనిపెట్టారు.

"కాకి గూళ్లు అందుబాటులో ఉన్నంతకాలం ఇవి దారికి రావు బావా. పీకించేద్దాం."

"వాటిలో పిల్లలున్నాయండి" అన్నారు డైరెక్టరుగారు. "కోకిల పిల్లలు కూడా."

"ఈయన కాకుల మనిషిలా ఉన్నాడే" అన్నారు మంత్రిగారు.

మర్నాడే నిచ్చెనలు లేచాయి. గూళ్లు రాలాయి. కాకులు ఆఫీసు మీద గోలగోలగా తిరిగాయి. కింద పడ్డ పిల్లల్ని డైరెక్టరుగారు తన టోపీలోకి ఏరుకుంటుంటే ఫొటో తీశాను. అది పత్రికలకు ఇవ్వొద్దని పైనుంచి ఆదేశం వచ్చింది. ఆయన్ని విశ్రాంతి తీసుకోమని సెలవు మీద పంపారు. ఆ కుర్చీలో బావమరిదిగారు తాత్కాలికంగా కూర్చున్నారు.

ఆ తరవాత ఊళ్లో కోకిల కూత వినబడలేదు.

"ఒక్క కోకిల కూడా పరాయి గూట్లో గుడ్డు పెట్టలేదు. నూటికి నూరు శాతం విజయం" అని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. లెక్క తప్పని ఎవరూ నిరూపించలేకపోయారు.

సెలవు ముగించుకుని డైరెక్టరుగారు తన గదికి వచ్చారు.

"ఎవరు కావాలి?" అన్నారు బావమరిదిగారు.

"నేను డైరెక్టర్నండి."

"మంచిది. అయితే పని మీకు తెలుసన్నమాట."

వరండాలో ఆయనకో స్టూలు వేశారు. ఫైళ్లన్నీ ఇప్పుడు ఆయనే రాస్తారు.

నిన్న శాఖ క్యాలెండరు ఫొటో కోసం లోపలికి వెళ్లాను. డైరెక్టరుగారు చంకలో ఫైళ్లు, చేతిలో బిస్కట్ల పళ్లెంతో టేబులు పక్కన నిలబడి ఉన్నారు. మనిషి సగమయ్యారు. బావమరిదిగారు కుర్చీ పట్టనంతగా ఒళ్లు చేశారు. పళ్లెం ఖాళీ చేసి, నోరు బార్లా తెరిచి అడిగారు.

"ఇంకా లేవా?"