వద్దన్నవారికే వడ్డన

తెనాలి పట్టణంలోనూ, అటు బాపట్ల, ఇటు రేపల్లె దాకా ఉన్న ఊళ్ళలోనూ ఆకలి అనేది లేదని ఇందుమూలంగా మనవి చేస్తున్నాం. అనుమానం ఉన్నవారు మధ్యాహ్నంపూట మా వైపు ఏ ఇంటికైనా వచ్చిన చుట్టాన్ని అడిగి చూడవచ్చు. "భోంచేద్దురుగాని రండి" అంటే "వద్దండి, ఇప్పుడే తినొచ్చాం" అంటాడు. పొద్దున్నే రేపల్లెలో బస్సెక్కి, దారిలో టీ చుక్క కూడా తాగకుండా వచ్చినవాడైనా సరే, ఆ మాటే అంటాడు. రెండోసారి అడిగితే "అబ్బే, చోటు లేదండి" అని పొట్ట నిమిరి చూపిస్తాడు. మూడోసారి చెయ్యి పట్టుకుని లాగితే "మీరు మరీ ఇంతగా అంటుంటే" అని కూర్చుని, గిన్నెలు ఖాళీ అయ్యేదాకా లేవడు. దీన్ని మా వైపు అబద్ధం అనరు, పద్ధతి అంటారు. మొదటిసారికే సరేనని కూర్చున్నవాడి గురించి ఆ ఇంట్లో మనవల కాలం దాకా చెప్పుకుంటారు.

ఇంతటి నాగరిక పట్టణంలో మొన్న ఉగాదికి 'ది సైలెంట్ బాంబూ' అనే అధునాతన ఆసియా రెస్టారెంటు ప్రారంభమైంది. యజమాని అనుదీప్, ఎరువుల వ్యాపారి జనార్దనరావుగారి ఒక్కగానొక్క కొడుకు. బెంగుళూరులో హోటల్ మేనేజ్‌మెంటు చదివి వచ్చి, తండ్రిని నెలల తరబడి బతిమాలి, ఆయన యూరియా గోడౌనులోంచి బస్తాలు బయటికి పంపించి లోపలికి వెదుర్లు తెప్పించాడు. తండ్రి ఒకే ఒక్క షరతు పెట్టారు. దసరా పండక్కి హాలు నిండా మనుషులు కనబడాలి, లేకపోతే బస్తాలు వెనక్కి వస్తాయి. బస్తాలైతే పిలవకుండానే నిండుతాయని ఆయన వాదన.

ప్రారంభోత్సవంలో జనార్దనరావుగారే మాట్లాడారు. "ఇన్నాళ్ళూ మన ఊరిని ఆంధ్రా ప్యారిస్ అన్నారు. ఒక్క ప్యారిస్‌తో మనం ఎన్నాళ్ళు సరిపెట్టుకుంటాం? ఈ రోజు నుంచి టోక్యో, బ్యాంకాక్, సియోల్ అన్నీ మన బోసు రోడ్డు మీదే ఉంటాయి. ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు" అన్నారు. సభికులు చప్పట్లు కొట్టారు. హాల్లో ఇంకా సన్నగా యూరియా వాసన వస్తోంది గానీ, దాన్ని చాలామంది జపాను సుగంధం అనుకుని గట్టిగా పీల్చుకున్నారు.

తిండి విషయంలో లోటేమీ లేదు. సూర్యలంకలో తెల్లారగట్ల వలలో పడ్డ రొయ్య ఐసు పెట్టెలో తెనాలి చేరి, పిండిలో మునిగి, కొత్త పేరు పెట్టుకుని, నల్లరాతి పలక మీద విదేశీయురాలిలా పడుకునేది. బియ్యం మాత్రం జపాను నుంచి సీలు వేసిన ప్యాకెట్లలో వచ్చేది. చుట్టూ కనుచూపు మేర వరి పండే చోటికి బియ్యం దిగుమతి చేసుకోవడం పట్టణాభివృద్ధికి గుర్తని పెద్దలు సంతోషించారు. జనార్దనరావుగారు ఆ అన్నం మెతుకు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంత ముద్దగా ఉడికించిన వంటమనిషిని తన తండ్రిగారైతే ఆ పూటే పంపేసేవారని గుర్తు చేసుకున్నారు.

చిక్కంతా వడ్డన దగ్గర వచ్చింది. బెంగుళూరు నుంచి ఒక నిపుణుడు వచ్చి సిబ్బందికి శిక్షణ ఇచ్చాడు. అతిథి మాటే తుది తీర్పు, ఆయన వద్దంటే వద్దు, రెండోసారి అడగడం అతిథి స్వేచ్ఛకు భంగం అని బోధించాడు. కుర్రాళ్ళకు నల్ల చొక్కాలు తొడిగి, అడుగుల చప్పుడు వినబడకుండా నడవడం నేర్పాడు. వాళ్ళ నాయకుడు దీపక్‌ది అంగలకుదురు. వాళ్ళింట్లో గడప తొక్కిన పోస్టుమాన్ కూడా తినకుండా వెళ్ళలేడు. అయినా శిక్షణ గొప్పది కనుక, పుట్టి పెరిగిన పద్ధతంతా దీపక్ రెండు వారాల్లో మరిచిపోయాడు.

తొలి రోజుల్లోనే రేపల్లె నుంచి ఏసుపాదం మాస్టారు భార్యతో సహా పెళ్ళిరోజు జరుపుకోవడానికి వచ్చారు. లూథరన్ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. దీపక్ వంగి నమస్కరించి, స్టార్టర్సు ఏమైనా తీసుకుంటారా సార్ అని అడిగాడు. మాస్టారు "ఎందుకులేండి" అన్నారు. దీపక్ మళ్ళీ వంగి వెళ్ళిపోయాడు. కాసేపటికి వచ్చి మెయిన్ కోర్సు సంగతి అడిగితే, అమ్మగారు "ఏదో అలా చూసిపోదామని వచ్చాం బాబూ" అన్నారు. దీపక్ ఆ కోరికను కూడా గౌరవించాడు. దంపతులిద్దరూ పిల్లనగ్రోవి సంగీతం వింటూ, నిమ్మగడ్డి వేసిన వేణ్ణీళ్ళు తాగి, రేపల్లె దారిలో ఒక బండి దగ్గర ఆగి ఇడ్లీలు తిన్నారు. ఒకరినొకరు బలవంతం చేసుకుని మరీ తిన్నారు. "మర్యాదస్తులే, కానీ పెట్టే మనుషులు కారు" అని మాస్టారు ఆదివారం చర్చి బయట నలుగురికీ చెప్పారు.

బాపట్ల నుంచి లెక్చరర్ల బృందం వచ్చినప్పుడు ఇంకో చిత్రం జరిగింది. వాళ్ళు ధైర్యం చేసి ఆవిరి కుడుములు ఒక ప్లేటు తెప్పించుకున్నారు. ఆఖరి కుడుము దగ్గర ఆగిపోయారు. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండని ఒకరికొకరు చెప్పుకుంటూ దాన్ని చల్లార్చారు, ఎండబెట్టారు, చివరికి దానికే నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ప్రతి బల్ల మీదా ఇలాగే ఒక ఆఖరి ముక్క మిగిలేది. సిబ్బంది భోజనం వాటితోనే గడిచిపోయేది. వేసవి ముగిసేసరికి హాల్లో మనుషుల కన్నా వెదుర్లు ఎక్కువయ్యాయి. అనుదీప్‌కి రాత్రిళ్ళు బస్తాలు కల్లోకి రావడం మొదలైంది.

ఆషాఢంలో కాకుమాను నుంచి అచ్చమ్మగారు కంటి పరీక్షకని వచ్చారు. జనార్దనరావుగారి అక్కగారు, అనుదీప్‌కి మేనత్త. ఆవిడ వడ్డించిన బంతిలోంచి తన కాళ్ళ మీద తాను లేచి వెళ్ళినవాడు లేడని కాకుమానులో చెబుతారు. ఒకసారి మగపెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకడు, ఆవిడ నేతి గిన్నెతో వస్తున్నారని విని పెరటి గోడ దూకాడట. కళ్ళలో మందు వేయించుకుని, మేనల్లుడి హోటలు చూద్దామని వచ్చిన ఆవిడకి, మసగ్గానైనా, మళ్ళీ వచ్చి ఆకలి మొహాలేసుకుని కూర్చున్న ఆ బాపట్ల లెక్చరర్లు కనబడ్డారు. దీపక్ అడిగాడు, వాళ్ళు వద్దన్నారు, అతను వెనక్కి తిరిగాడు. ఆవిడ అతని చేతిలో పళ్ళెం లాక్కున్నారు.

"ఏం తిన్నారు నాయనా?" అని అడిగారు.

"చాలా తిన్నామండి పిన్నిగారూ" అన్నాడు అందరికన్నా పెద్దాయన, ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి.

"కనబడుతూనే ఉంది, మొహాలు పీక్కుపోయాయి. ఆ చెయ్యి తియ్యి."

"వద్దండి, నిజంగా చోటు లేదండి."

"నేను పెడితే తినొద్దని ఇంట్లో చెప్పి పంపారా?"

ఇక్కడ చదువరులు గమనించవలసింది ఆ చెయ్యి. వేళ్ళు దగ్గరికి చేర్చి అడ్డం పెడితే అది వద్దని. వేళ్ళ మధ్య సందుంచి అడ్డం పెడితే ఇంకో రెండు వెయ్యమని. ఈ శాస్త్రం బెంగుళూరు కాలేజీల్లో చెప్పరు. లెక్చరరుగారి వేళ్ళ సందులోంచి ఒక బొమ్మిడాయి చేప దూరేంత చోటుంది. అచ్చమ్మగారు సముద్రపు నాచు చుట్టిన అన్నం చుట్టలు వరసగా వేశారు, కుడుములు వేశారు, వాటి మీద అడక్కుండా పులుసు పోశారు. లెక్చరర్లు కళ్ళు చెమర్చగా తిన్నారు. వెళ్ళేటప్పుడు "మీరు బలవంతం చేయబట్టి గానీ" అని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డారు.

తర్వాత జరిగిందంతా అభివృద్ధే. అచ్చమ్మగారి కంటి పరీక్ష ముగిసినా అనుదీప్ ఆవిడని వెళ్ళనివ్వలేదు. ఆవిడకి 'బలవంతపు వడ్డన విభాగాధిపతి' అని హోదా ఇచ్చి, మెడలో గుర్తింపు కార్డు వేశాడు. మెనూ కార్డు చివర బలవంతాల పట్టిక అచ్చువేశారు. మామూలు బలవంతం, బంధువుల బలవంతం, ఒట్టు పెట్టి తినిపించడం అని మూడు రకాలు. రేపల్లె నుంచి ఏసుపాదం మాస్టారు భార్యను తీసుకుని మళ్ళీ వచ్చారు, ఈసారి ఒట్టు రకం అడిగారు. హాలు కళకళలాడింది. పని మీద వచ్చిన ఒక ఉత్తరాది బ్యాంకు ఆఫీసరు నిజంగానే ఆకలి లేక నిజంగానే వద్దన్నాడు. అలాంటి ఆచారం ఇక్కడ లేదు కనుక ఆయనకి అందరికన్నా ఎక్కువ పెట్టారు. ఆయన బదిలీ కోరుకున్నాడని తర్వాత తెలిసింది.

వినాయక చవితి వెళ్ళిన వారానికి ఈ వైభవానికి దెబ్బ తగిలింది. ఆ మధ్యాహ్నం అతిథులు వెళ్ళాక సిబ్బంది తిండికి కూర్చున్నారు. అనుదీప్ ఫోను చూసుకుంటూ "అత్తయ్యా, నువ్వూ తింటావా?" అన్నాడు.

"నాకేం ఆకల్లేదురా, మీరు తినండి" అన్నారావిడ.

"సరే అత్తయ్యా" అన్నాడు అనుదీప్, ఫోనులోంచి తలెత్తకుండా.

పొద్దున తాగిన కాఫీ తప్ప ఆవిడ కడుపులో ఏమీ లేదు. ఆవిడ కాసేపు ఆ బల్ల దగ్గరే నిలబడ్డారు. రెండోసారి ఎవరూ అడగలేదు. సాయంత్రం మెడలో కార్డు తీసి కౌంటరు మీద పెట్టి, మోకాళ్ళ నొప్పులని చెప్పి కాకుమాను బస్సెక్కారు. ఊరందరికీ కొసరి కొసరి పెట్టిన మనిషికి ఆ రోజు ఎంత చిన్నతనం అనిపించిందో మాకు తెలుసు. రాయడానికి కూడా బాధగానే ఉంది.

హాలు మళ్ళీ ఖాళీ అయింది. దీపక్ పాఠం అప్పజెప్పినట్టు "నా మీద ఒట్టండి సార్" అనేవాడు. "నీ మీద ఒట్టేంటయ్యా, నువ్వెవరు?" అని జనం లేచిపోయేవారు. జనార్దనరావుగారు టేపు పట్టుకొచ్చి గోడలు కొలవసాగారు. పొన్నూరు రైసుమిల్లు యజమాని పానకాలరావుగారు తన కూతురు సింధుని అనుదీప్‌కి ఇద్దామనుకుంటూ, హోటలు నిలబడితే చూద్దామని కబురంపారు. దసరా దగ్గరపడుతుండగా అనుదీప్ పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా కాకుమాను బయల్దేరాడు.

వెళ్ళేసరికి అచ్చమ్మగారు భోజనానికి కూర్చోబోతున్నారు. ఇల్లంతా గోంగూర రొయ్యల వాసన. "అన్నం తిన్నావా?" అని అడిగారు.

"తిన్నానత్తయ్యా" అన్నాడు, పద్ధతి ప్రకారం.

"సరే" అని ఆవిడ కంచం ముందేసుకున్నారు.

అనుదీప్ రెండో పిలుపు కోసం ఎదురుచూశాడు. ఆవిడ గోంగూరలో నెయ్యి వేసుకుని కలిపారు. పప్పు వేసుకున్నారు. వడియం నంజుకున్నారు. మజ్జిగ దాకా వచ్చారు. వానల గురించి, దోమల గురించి మాట్లాడారు గానీ అన్నం మాట ఎత్తలేదు. ఆ నల్ల చొక్కాల హోటల్లో ఆ మధ్యాహ్నం తను ఏం చేశాడో అనుదీప్‌కి తలలో కన్నా ముందు కడుపులో తెలిసింది.

"అత్తయ్యా, ఆకలేస్తోంది. పొద్దున్నుంచీ ఏం తినలేదు. అన్నం పెట్టు" అన్నాడు.

ఈ వాక్యం మా ప్రాంతంలో మీసం మొలిచిన మగవాడి నోట వినబడడం ఇదే ప్రథమం. అచ్చమ్మగారి చేతిలో మజ్జిగ గ్లాసు అలాగే ఉండిపోయింది. "ఇంత వయసొచ్చినా ఆ మాట నేను అనలేకపోయానురా నాయనా" అని కళ్ళు తుడుచుకుని, లేచి కంచం కడిగి తెచ్చారు. ఆ తర్వాత వాడిని లేవనివ్వలేదు. సాయంత్రం అత్తనీ మేనల్లుడినీ తీసుకుని కారు తెనాలి చేరింది. అనుదీప్ డ్రైవరు పక్కన ఒరిగి పడుకుని వచ్చాడు.

గోడ అవతల ఉన్న పక్కింటావిడ అంతా విన్నది కాబట్టి, కబురు కారు కన్నా ముందే వచ్చింది. జనార్దనరావుగారి అబ్బాయి నోరు తెరిచి అన్నం అడిగాడట. ఊరు ఉలిక్కిపడింది. తల్లి ప్రమీలారాణిగారు రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. "చిన్నప్పట్నుంచీ వాడికి అన్నీ అడక్కుండానే పెట్టామండి" అని జనార్దనరావుగారు కనబడ్డవారికల్లా సంజాయిషీ ఇచ్చుకున్నారు. అలా అడిగి తిన్నవాడు ఎలా ఉంటాడో చూద్దామని దసరా రోజున తెనాలి, బాపట్ల, రేపల్లె కట్టకట్టుకుని వచ్చాయి. హాలు నిండింది, బయట అరుగు నిండింది. జనార్దనరావుగారు మాట తప్పని మనిషి, టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు.

పానకాలరావుగారు కూడా ఆ రోజే వచ్చారు. గోడవారగా కూర్చుని, సంబంధం వదులుకుంటున్నట్టు చెప్పారు. "అబ్బాయి మంచివాడే, హోటలూ బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆకలేస్తోందని పైకి అనేసే ఇంటికి పిల్లనెలా ఇస్తాం చెప్పండి" అన్నారు. పొన్నూరు నుంచి రోడ్డు మీద ట్రాఫిక్కులో ఇరుక్కుని వచ్చిన మనిషి, మాట మాటకీ కళ్ళు వంటింటి తలుపు వైపు పోతున్నాయి. అచ్చమ్మగారు పళ్ళెంతో వచ్చి ఏమైనా తింటారా అని అడిగారు. వద్దండి అన్నారాయన. రెండోసారి అడిగారు. అబ్బే అన్నారాయన, ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళు బాగా ఎడం చేసి.

అచ్చమ్మగారు ఆ వేళ్ళకేసి చూశారు. "సరే నాయనా, ఆకలి లేనివాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు.

పానకాలరావుగారు పొన్నూరు వెళ్ళి జరిగిన అవమానమంతా చెప్పారు. ఊరు ఊరంతా ఆయన పక్షమే, మేమూ ఆయన పక్షమే. అక్కడి తిండి ఎంత వింతగా ఉన్నా ఓర్చుకున్నాం, చల్లటి అన్నాన్నీ భరించాం. కానీ పెద్దమనిషి ఒక మాట అంటే ఆ మాటని అన్నట్టుగానే నమ్మేస్తే, ఇక బంధువుల మధ్య మర్యాద ఏం మిగులుతుందో మీరే చెప్పండి.