శేషగిరి గారి రివాల్వరుకు పట్టిన మురికి

2020 అక్టోబరులో, ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి ఎవరూ కదలరాదని ఐర్లండ్ ప్రభుత్వం ఆదేశించిన వారంలోనే, నేవన్ పట్టణవాసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి శ్రీ శేషగిరి గారు ఆయుధధారి అయ్యారు. దీనివల్ల దేశానికి గానీ పక్కింటివారికి గానీ ప్రమాదమేమీ లేదు. ఆ రివాల్వరు పేలదని, ఇకముందు కూడా పేలజాలదని ధ్రువీకరించే పత్రం ఒకటి, దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చని గార్డ్స్ అనబడే అక్కడి పోలీసులు ఇచ్చిన అనుమతి ఒకటి, రెండూ ఫ్రేములు కట్టించుకుని హాల్లో గోడెక్కాయి. ఆయన ఎం.టెక్. పట్టా మాత్రం ఇంకా సూట్‌కేసులోనే ఉంది.

ఆ రోజుల్లో మగవారందరికీ ఏదో ఒక అభిరుచి సోకింది. ఎదురింటాయన రొట్టెల పిండి పులియబెట్టి దానికి పేరు పెట్టుకున్నాడు. శేషగిరి గారు పాతకాలపు చిన్న రివాల్వర్ల సేకరణ మొదలుపెట్టారు. సేకరణలో ప్రస్తుతానికి ఒక రివాల్వరు, రివాల్వర్ల గురించి పదకొండు పుస్తకాలు ఉన్నాయి.

రివాల్వరు పుట్టిల్లు బెల్జియం. వయసు నూట ఇరవై. అరచేతిలో ఇమిడిపోతుంది. తూటా లావు బఠాణీ గింజంత. అది ఏ యుద్ధంలోనూ పాల్గొనలేదు. సైకిలెక్కిన పెద్దమనుషులు వెంటపడే కుక్కల్ని అదిలించడానికి అలాంటివి జేబులో వేసుకునేవారట. ఈ చివరి సంగతి శేషగిరి గారు బయట చెప్పరు. "యూరోపియన్ సైడ్ ఆర్మ్" అని ఊరుకుంటారు.

ఇంట్లో తాళం పడే చోటు ఒక్కటే, వంటింటి అలమర. కాబట్టి కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ డబ్బా మంచం కిందికి తరలి వెళ్ళాయి. ఆయన భార్య వసుంధర అభ్యంతరం చెప్పలేదు. ఆవిడ బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివింది గనక, ఏది దేనితో కలిస్తే ఏమవుతుందో చూద్దామనే ఓపిక ఉంది.

సాయంత్రాలు ఆయన తెల్లటి చేతితొడుగులు వేసుకుని గుండ్ల చక్రం తిప్పేవారు.

"విన్నావా వసూ, ఆ క్లిక్?"

"విన్నానండీ. కుక్కర్ కూడా మూడో కూత వేసింది. ఎవరో ఒకరు లేవాలి."

"దీని విలువ ఇనుములో లేదు. పైన ఈ గోధుమరంగు పొర ఉంది చూశావూ? ప్యాటినా అంటారు. నూట ఇరవై ఏళ్ళు పట్టింది ఇలా రావడానికి."

"మన పొయ్యి వెనక గోడకి నాలుగు నెలల్లో వచ్చిందండీ."

ఇలాంటి మాటలు పట్టించుకునే తీరిక ఆయనకు లేదు. చిన్న రివాల్వర్ల అభిమానుల మండలి ఒకటి ఎన్నిస్ పట్టణంలో, అధ్యక్షుడు మిస్టర్ హెహిర్ గారి ముందు గదిలో నడుస్తోంది. తోమినవి, తుడిచినవి, మెరుగు పెట్టినవి ఉన్నవారికి అందులో ప్రవేశం లేదు. ఐదు కిలోమీటర్ల నిబంధన వల్ల బుధవారం నాడు జూమ్‌లో తనిఖీ ఖాయమైంది. ఆ ఫలితం కోసం ఆగకుండానే, బ్లాంచర్డ్స్‌టౌన్ తెలుగు సంఘం అధ్యక్షులు లక్ష్మీకాంతం గారు "మండలిలో తొలి తెలుగు సభ్యుడు" అని శేషగిరి గారి ఫొటోతో పోస్టరు వేసి ఎనభై నాలుగు కుటుంబాలకు పంపేశారు. ఇక ఆ సభ్యత్వం రాకపోతే ఆయన ఎనభై నాలుగు ఇళ్ళకు మొహం చాటేయాలి.

ఈలోగా దసరా వచ్చింది. శనివారం ఉదయం శేషగిరి గారు, "వసూ, రేపు సంఘం ఆయుధపూజ. ఆయుధాలన్నీ సిద్ధం చెయ్యి," అని ఆదేశించి ఆఫీసు కాల్‌లోకి వెళ్ళిపోయారు.

వసుంధర సిద్ధం చేసింది. మిక్సీ, కత్తిపీట, కుట్టుమిషను, లాప్‌టాపులు, కారు తాళాలు, రివాల్వరు. మురికి ఆయుధానికి బొట్టు పెట్టే ఆచారం వాళ్ళ వైపు లేదు. చింతపండు, ఉప్పు, పాత టూత్‌బ్రష్షు, చివరికి స్టీలు పీచు. పావుగంటలో నూట ఇరవై ఏళ్ళ యూరప్ చరిత్ర సింకులోంచి జారిపోయింది.

కాల్ ముగించుకు వచ్చిన శేషగిరి గారు నేలమీద కూర్చుండిపోయారు.

"దేనితో తోమావ్?"

"చింతపండుతోనండీ. మొండి జిడ్డు, ఒక పట్టాన వదల్లేదు."

పన్నెండేళ్ళ కూతురు ధరణి తొంగిచూసింది. "లుక్స్ గ్రాండ్, డాడ్. బ్రాండ్ న్యూ, లైక్."

ఆయన ఆ పూట భోజనం మానేశారు. రాత్రి ఒక ప్రతిపాదన చేశారు. "బుధవారం నాకు కోవిడ్ అని చెప్పేస్తే?"

"జూమ్‌లో అంటదు కదండీ."

ఆదివారం ఆయుధపూజ జూమ్‌లోనే నిర్విఘ్నంగా జరిగింది. తళతళలాడుతున్న రివాల్వరును చూసి లక్ష్మీకాంతం గారు గద్గదస్వరంతో ఉపన్యసించారు. "లాప్‌టాప్‌లకు బొట్లు పెట్టి పెట్టి మన శౌర్యం సన్నగిల్లిన తరుణంలో, శేషగిరి గారు జాతికి ఒక నిజమైన ఆయుధాన్ని ప్రసాదించారు." కుక్కల్ని అదిలించే ఆ వస్తువుకు ఎనభై నాలుగు కుటుంబాలు చేతులు జోడించాయి.

హారతి పళ్ళెం కింద పెట్టి, భర్త ముఖం చూసి, వసుంధరకు జాలి వేసింది. కొత్త ఇనప పెనాన్ని పాతదాన్ని చేయడం ఆవిడకు చేతనైన పనే. రివాల్వరు కర్ర పిడి ఊడదీసింది. ఇనుమును చిక్కటి టీ డికాక్షన్‌లో ఒక రాత్రి నానబెట్టింది. నువ్వులనూనె పలచగా రాసి ఓవెన్‌లో కాల్చి, చల్లార్చి, మళ్ళీ రాసి, మళ్ళీ కాల్చింది. నాలుగోసారికి సగం ఉల్లిపాయతో రుద్దింది. మంగళవారం సాయంత్రానికి రివాల్వరు తాతగారి ముఖం పెట్టింది. కాస్త పోపు వాసన మాత్రం వచ్చేది.

బుధవారం మిస్టర్ హెహిర్ భూతద్దం పట్టుకుని నలభై నిమిషాలు పరిశీలించారు. శేషగిరి గారు రివాల్వరును కెమెరా ముందు అటూ ఇటూ తిప్పి చూపించారు. చివరికి తీర్పు వెలువడింది. ఇంత నిజాయితీ గల ప్యాటినాను ఆయన ముప్పై ఏళ్ళలో చూడలేదు. ఎన్నో గొప్ప రివాల్వర్లు ఇల్లాళ్ళ శుభ్రతకు బలైపోయాయి. దీనిమీద మాత్రం వంటింటి చేయి పడలేదని తాను ప్రమాణం చేసి చెప్పగలనన్నారు. ఇంత చక్కగా ఎలా కాపాడారని ఆయన అడిగారు.

శేషగిరి గారు ఒక్క క్షణం తలుపు వైపు చూశారు. అక్కడ వసుంధర గరిటెతో నిలబడి ఉంది.

"ఏమీ చెయ్యలేదండీ," అని ఆయన ఇంగ్లీషులో సెలవిచ్చారు. "ఎవర్నీ చెయ్యనివ్వలేదు."

సభ్యత్వం వచ్చింది.

"మామ్, టెల్ దెమ్," అంది ధరణి.

"చెప్తే సభ్యత్వం పోతుందే. పోతే మళ్ళీ అన్నం మానేస్తారు. వండింది వృథా."

ఆ శనివారం తెలుగు సంఘం జూమ్‌లో సన్మానసభ జరిపింది. శాలువాను లక్ష్మీకాంతం గారు తన కెమెరా ముందు పరిస్తే, శేషగిరి గారు తన కెమెరా ముందు భుజాలు వంచారు. తర్వాత ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేశారు: "చారిత్రక ఆయుధాన్ని ముట్టుకోకుండా సహకరించిన శ్రీమతి వసుంధర గారికి సంఘం కృతజ్ఞతలు తెలుపుకుంటోంది."

ఎనభై నాలుగు ఇళ్ళ నుంచి చప్పట్లు మోగాయి. అన్నీ మగవారివే. భోజనాలైన వేళ గనక, ఆ ఇళ్ళలో ఖాళీగా ఉన్న చేతులు అవే.