కంసాలి పిట్టకు ప్రోటోకాల్

దేశంలోనే మొట్టమొదటి కంసాలి పిట్టల పార్కు మణుగూరు దారిలో, అడవి అంచున వెలుస్తుందని మంత్రిగారు మైకులో ప్రకటించారు. పచ్చటి ఒళ్ళు, ఎర్రటి నొసలు, పసుపు గొంతు. జువ్వి పళ్ళు తింటూ, రాగి బిందెకు సొట్ట తీస్తున్నట్టు టుంక్ టుంక్‌మనే ఆ చిన్న పిట్ట ఏ ప్రభుత్వ సాయమూ లేకుండా ఇన్నాళ్ళూ ఎలా బతికిందో తలుచుకుని ఆయన కళ్ళు కూడా తుడుచుకున్నారు.

పార్కుకు గైడుగా ఎబినేజర్‌ని కాంట్రాక్టు మీద తీసుకున్నారు. ఎమ్మే చదివి, ఉద్యోగం కోసం చెప్పులరిగేలా తిరిగినవాడు. ప్రారంభం రోజున మంత్రిగారు పిట్టను చూసి సంతోషిస్తే కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే ఇంటికే.

పార్కులో పెద్ద చెట్టు ఒకటే, జువ్వి చెట్టు. పిట్టలన్నీ దానిమీదే. ఏర్పాట్లు చూడవచ్చిన స్పెషలాఫీసరు మురళీకృష్ణ దానికింద నిలబడగానే ఒక పిట్ట ఆయన తెల్ల చొక్కా మీద రెట్ట వేసి స్వాగతం పలికింది.

"కాన్వాయ్ పార్కింగ్ ఇక్కడే. మంత్రిగారి తెల్లకారు ఏం కావాలి? ఈ చెట్టు ప్రోటోకాల్‌కు అడ్డం, తీసేద్దాం. ఏమంటవ్ ఎబినేజర్?"

"అవ్ సార్."

ఎమ్మేలో అంతకంటే పెద్ద సమాధానాలే రాశాడు గానీ, అప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

చెట్టు ఉన్నచోట సిమెంటు పోశారు. చుట్టూ, తొందరగా ఎదుగుతాయని, జామాయిల్ మొక్కలు నాటారు. పిట్టలు ఎటో వెళ్ళిపోయాయి. ఆ లోటు కనపడకుండా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో మంత్రిగారి భుజం మీద పిట్ట నవ్వుతోంది.

"బొమ్మ సరే, కూత ఎట్ల?" అని మురళీకృష్ణ తల పట్టుకున్నారు.

"నేను కూస్త సార్."

చర్చి నాటకంలో చిన్నప్పటి నుంచీ ఎబినేజర్‌ది ఒకటే వేషం. యేసు ఎవరో తనకు తెలియదని పేతురు మూడోసారి బొంకగానే తెర వెనక నుంచి కూసే కోడి. ఏ ఏడూ కూత తప్పింది లేదు. కోడిలా కూసేవాడికి పిట్ట ఒక లెక్కా!

ప్రారంభం రోజు ఫ్లెక్సీ వెనక నక్కి టుంక్ టుంక్‌మన్నాడు. మంత్రిగారు మురిసిపోయారు. అంతలో జనంలోంచి సవరమ్మ లేచింది. పార్కు పక్కనే ఆమె గుడిసె. ఆమెదీ ఎబినేజర్ వాళ్ళ చర్చే.

"ఈడున్న జువ్వి చెట్టు ఏది సారూ? ఎవలు కొట్టిన్రు?"

మంత్రిగారు స్పెషలాఫీసరు వైపు తిరిగారు. "ఇక్కడ చెట్టు ఉండేదా?"

"నాకు తెలియదు సార్."

"మీరు కొట్టించలేదు కదా?"

"అయ్యో, నాకేం తెలియదు సార్!"

"మరి ఈవిడ ఎందుకు అడుగుతోంది?"

"ఈమె ఎవరో కూడా నాకు తెలియదు సార్."

మూడోసారి. ఎబినేజర్ మనసు వద్దంటూనే ఉంది. గొంతు వినలేదు.

"కొక్కొరొక్కో!"

సభంతా ఫ్లెక్సీ వైపు తిరిగింది. సవరమ్మ ఒక్కతే, చర్చిలో ప్రార్థనకు లాక్కున్నట్టు, తలమీదికి కొంగు లాక్కుంది.

మంత్రిగారు లేచి చప్పట్లు కొట్టారు. "విన్నారా! కంసాలి పిట్టంటే ఇదీ! ఏం గొంతు, ఏం గొంతు!"

జనమంతా కొట్టారు. కాంట్రాక్టు అక్కడికక్కడే పొడిగించారు.

ఇంట్లో భార్య తబితా అన్నం పెడుతూ అడిగింది. "నిజం చెప్పు. ఆ చెట్టు కొట్టేటప్పుడు నువ్వు ఆడ లేవా?"

"నాకు తెల్వదు," అన్నాడు ఎబినేజర్.

సిగ్గుతో తల వంచుకుని, గొంతు కూస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. కూయలేదు.